వ్రేలాడు బుట్టలకు ఆకు తక్కువగా రాల్చు ఫెర్ను రకముల యెన్నిక

వరండాలలోను, కిటికీల కడను బుట్టలలో వ్రేలాడదీసి పెంచు ఫెర్ను మొక్కలకు సికింద్రాబాదు, హైదరాబాదు నగరములలో గిరాకి కలదు. మౌలాలి గుట్ట చుట్టును ఒకప్పుడు సాగులో నుండిన భూములు చాలవఱకు ఇండ్లకును, కార్ఖానాలకును పోయినవి. దానికి తూర్పునను, ఉత్తరమునను గల ఘట్కేసరు, కీసర, శామీరుపేట వైపు గ్రామములలో నేటికిని సేద్యము చేయు రైతులలో కొందఱికి పది గుంటలో, ఇరువది గుంటలో మాత్రమే మిగిలినవి. వరికి చాలినంత నీరు బోరులో నుండదు. అట్టివారికి నీడపందిరి క్రింద బుట్ట మొక్కలు పెంచుట యొక జీవనోపాయముగా కనబడుచున్నది. భూమి కొంచెము చాలును, నగరము దగ్గఱ, సరకు తలపై మోసికొని పోయినను అమ్ముడగును.

కాని యీ వ్యాపారమున ఒక చిక్కు కలదు. కార్తికమాసమున పచ్చగా, ఒత్తుగా నుండి చూచువారి మనస్సు హరించిన బుట్ట, ఫాల్గుణము వచ్చుసరికి దినదినమును చిన్నాకులు రాల్చి, ఉత్తి యీనెలతో నిలుచును. ఇంటి యిల్లాలు ఉదయము ఊడ్చిన నేల సాయంకాలమునకు మరల చెత్తతో నిండును. ఆమె ఆ బుట్టను పెరటిలో పాఱవేయును; రెండవ బుట్టను కొనదు; ఇరుగుపొరుగు వారిని కూడ కొననీయదు. రైతు మొదటి యేడు సంపాదించిన సొమ్మును జూచి సంఘము నుండి అప్పు తీసి పందిరిని పెంచును. రెండవ యేడు కొనువారుండరు. కావున ఏ రకము తక్కువగా రాల్చును, ఏ రకము ఎక్కువగా రాల్చును అను విషయము ఇంటివారి సుఖమునకు మాత్రమే గాక, రైతు యొక్క అప్పు తీరుటకును సంబంధించినది. దానిని గుఱించి తెలిసికొనదగిన సంగతుల నిచ్చట వివరింతుము.

ఫెర్ను అనగా నేమి

ఫెర్నులు పూలు పూయవు, విత్తనము కట్టవు. మన రైతులకు ఇవి కొత్తవి కావు. పాత దిగుడుబావుల రాతిగోడల మీదను, సున్నపు గోడల బీటలలోను పెరుగు మెత్తని పచ్చని మట్టలు ఫెర్నులే. వైద్యులు వాడు హంసపాది యొక ఫెర్ను. వానలు పడగానే రాతి పగుళ్లలో చిన్న తాటియాకువలె విచ్చుకొని, ఎండ రాగానే ముడుచుకొను మయూరశిఖయు ఫెర్నే. గుండ్లును, గుట్టలును గల యీ ప్రాంతమున ఫెర్నులు తమంత తాము బ్రదుకు చోటులు రెండే: తడి యాఱని బావిగోడ, నీడపట్టున నుండు రాతి సందు. బుట్టలో పెంచువాడు ఈ రెండును జ్ఞాపకముంచుకొనవలెను.

ముదిరిన ఫెర్ను ఆకు అడుగున గోధుమ వన్నె చుక్కలో, గీతలో కనబడును. వానినుండి సన్నని పొడి రాలును. ఇది తెగులు కాదు. విత్తనమునకు మాఱుగా ఫెర్నులకు గల సూక్ష్మబీజముల పొడి యిదియే. కొందఱు దీనిని పురుగని భ్రమపడి మందు చల్లుదురు. పొలుసు పురుగు పట్టినచో మచ్చలు ఆకు మీదను, ఈనె మీదను క్రమము లేక అచ్చటచ్చట నుండును; గోటితో గీచిన ఊడివచ్చును. బీజపు చుక్కలు మాత్రము ఆకు రెండు ప్రక్కలను ఒకే తీరున బారులు తీర్చి యుండును. ఈ భేదమును కొనువారికి కూడ చెప్పుట మంచిది.

ఆకు రాలు తీరులు మూడు

ఫెర్నులన్నియు ఒకే తీరున ఆకు రాల్చవు. దీనిని తెలిసికొనుటకు మన యూళ్లలో నున్న మూడు చెట్లను తలచుకొనుడు.

మొదటిది చింత తీరు. చింతాకు వాడినప్పుడు చిన్నాకులు ఒక్కొక్కటిగా రాలిపోయి, ఈనె మాత్రము మిగులును. బోస్టన్ ఫెర్నును, దాని జాతియైన నెఫ్రొలెపిస్ మొక్కలన్నియు ఈ తీరువే. వీని మట్ట నడుమనుండు ఈనెకును, ఇరుప్రక్కల నున్న చిన్నాకులకును మధ్య సన్నని కీలు గలదు. వేరునకు నీరు తక్కువైనను, గాలి మిక్కిలి పొడిగా నున్నను, వెలుతురు చాలకున్నను, మట్ట ముదిరినను ఆ కీలు విడిపోవును. ఒక మట్టకు పదులకొలది చిన్నాకులుండుటచేత ఒక్క మట్ట పాడైనను నేలంతయు చెత్త యగును.

రెండవది టేకు తీరు. టేకు పెద్దయాకు ఒక్కటిగా, మొదలంట ఊడి పడును. ఫ్లెబోడియమ్ మొదలగు కొన్ని ఫెర్నులలో కీలు చిన్నాకు కడ గాక, మట్ట మొదట, ప్రాకుడు కాండమును అంటియుండు చోట నుండును. మట్ట పండినప్పుడు మొత్తము ఒక్కసారిగా ఊడును. దానిని తీసి పాఱవేయుట ఒక్క చేతి పని.

మూడవది అరటి తీరు. అరటియాకు ఎండినను తానై రాలదు. కత్తితో కోయువఱకు చెట్టును పట్టుకొని వ్రేలాడును. పక్షిగూటి ఫెర్ను మొదలగు వానికి కీలు లేదు. ఆకు అంచున ఎండి, క్రమముగా మొదటివఱకు ఎండును గాని, నేలకు రాలదు. కత్తెరతో కత్తిరించిన చాలును.

కావున "ఆకు రాల్చని ఫెర్ను" అని యెవరైన చెప్పినయెడల, అది ఏ తీరునకు చేరినదో మొదట అడుగవలెను. ఆకు ముదిరి పోవుట అన్ని మొక్కలకును సహజము. అది నేలమీద పొడిగా పడునా, ఒక్క ముక్కగా పడునా, మొక్కనే అంటియుండునా అనునదియే ఇంటివారికి కావలసిన భేదము.

గాలి పొడియే ప్రధాన కారణము

1829వ సంవత్సరమున లండను నగరమందు నాథానియేల్ వార్డు అను వైద్యుడు ఒక పురుగు గూటిని తడిమన్నుతో గాజుసీసాలో నుంచి మూత పెట్టెను. ఆయన తోటలో నగరపు పొగవలన ఫెర్నులు బ్రదుకకుండెను. కాని యెవరును నాటకుండగనే ఆ సీసాలోని మన్నులో ఒక ఫెర్ను మొలచి, నీరు పోయకున్నను కొన్ని యేండ్లు బ్రదికెను. మన్నునుండి లేచిన తడి గాజునకు తగిలి, మరల మన్నులోనికే దిగుచుండుటయే దీనికి కారణము. ఆ పిమ్మట అట్టి గాజుపెట్టెలలో మొక్కలను ఓడలమీద దూరదేశములకు పంపసాగిరి. చీనా నుండి హిమాలయ ప్రాంతములకు తేయాకు మొక్కలు వచ్చినదియు ఆ పెట్టెలలోనే. మన కిందు తెలియవలసినదేమనగా: ఫెర్నునకు వేరునకు పోయు నీరెంత ముఖ్యమో, ఆకు చుట్టునుండు గాలిలోని తడియు నంత ముఖ్యము.

మౌలాలి ప్రాంతమున ఆ తడి యేడాది పొడుగున ఒక్క తీరుగ నుండదు. ఆషాఢము మొదలు ఆశ్వయుజము వఱకు గాలి తడిగా నుండి, ఏ ఫెర్నయినను చక్కగా పెరుగును. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలకు చేరును. గాలిలోని తేమ నూటికి 30 పాళ్ల ప్రాంతమునకు దిగును. దీనికి తోడు చుట్టునున్న నల్లరాతి గుట్టలు పగలు త్రాగిన వేడిని రాత్రి విడిచిపెట్టుచుండును. రెండవ అంతస్తు వరండాలో వ్రేలాడు బుట్టకు నాలుగు ప్రక్కలను, అడుగునను ఈ వేడిగాలి తగులును. నేలమీది కుండికి నేల చల్లదన మైనను కలదు. బుట్టకు అదియు లేదు.

ఈ నగరమున అమ్ముడగు మొక్కలలో చాల భాగము గోదావరి కాలువల క్రిందనున్న కడియము, కడియపులంక నర్సరీల నుండి లారీలమీద వచ్చును. అవి కాలువ గాలిలో, నీడలో, తడిలో పెరిగినవి. లారీ దిగి మౌలాలి గాలి తగిలిన కొద్దిదినములకే అవి చిన్నాకులు రాల్చుట మొదలుపెట్టును. ఇది అచ్చటి వారి తప్పు కాదు. మొక్క దోషమును కాదు. గోదావరి గాలికి అలవాటు పడిన యాకును దక్కను గాలికి అలవాటు చేయక అమ్మిన ఫలితము. దీనికి చేయవలసిన పని ముందు వివరింతుము.

బుట్టలకు పనికివచ్చు రకములు

బోస్టన్ ఫెర్ను: 1894వ సంవత్సరమున అమెరికాలో ఫిలడెల్ఫియా నుండి బోస్టన్ వైపునకు పంపిన నెఫ్రొలెపిస్ మొక్కలలో ఒకటి, తక్కిన వానివలె మట్టలను నిక్కింపక, వంచి వ్రేలాడదీయుచుండగా గుర్తించిరి. నేడు లోకమంతట బుట్టలలో పెంచు బోస్టన్ ఫెర్ను దాని సంతతియే. అందమున దీనికి సాటి లేదు. మూడడుగుల వఱకు మట్టలు వ్రేలాడును. కాని చింత తీరు మొక్క; మట్టలు పొడవుగను, చిన్నాకులు పలుచగను ఉండుటచే పొడిగాలికి తాళలేదు. తడి నిలుచు ఇంటికి, ప్రతిదినమును చూచుకొనువారికి అమ్మదగినదే గాని, అందఱికిని అమ్మదగినది కాదు.

డల్లాస్ ఫెర్ను: ఇదియు బోస్టన్ ఫెర్ను జాతియే. మట్టలు పొట్టివి, ఒత్తుగా నుండును. బుట్ట చిన్నదైనను నిండుగా కనబడును. తక్కువ వెలుతురునకును, పొడిగాలికిని బోస్టన్ కంటె బాగుగా తాళును. రాల్చు చిన్నాకులును తక్కువ. చింత తీరు మొక్కలలో వరండా బుట్టకు ఇది మేలైనది.

కింబర్లీ క్వీన్: ఇది వేఱొక నెఫ్రొలెపిస్, ఆస్ట్రేలియా ఉత్తర భాగపు ఉష్ణదేశము నుండి వచ్చినది. మట్టలు వ్రేలాడక నిక్కి యుండును. చిన్నాకు కొంత మందము. ఎండకును, పొడిగాలికిని ఓర్పు గలది. వ్రేలాడు అందమును కోరువారికి ఇది అంతగా నచ్చకపోవచ్చును. కాని పెద్ద బుట్టలకు, గాలి తగులు చోటులకు దీనినే ముందుగా చూపవలెను.

దుంప నెఫ్రొలెపిస్: దీనిని కార్డిఫోలియా అందురు. వేళ్లకు గోలీలవంటి చిన్న దుంపలుండును. వానిలో నీరు దాచుకొనును. అందుచేత ఒకటి రెండు దినములు నీరు తప్పినను చావదు. పాత తోటలలో బావికట్టల ప్రక్కన తఱుచుగా కనబడునది యిదియే. మొరటు మొక్క, మట్టలు నిటారు. ముదిరిన మట్టలను కత్తిరించుచుండిన శుభ్రముగా నుండును. దీని తీగెలు నేల దొరికిన చోటునెల్ల ప్రాకును గనుక కాలువగట్లమీద పాఱవేయరాదు.

చిట్లిన మట్టల రకములు: బోస్టన్ ఫెర్ను నుండి పుట్టిన కొన్ని రకములలో చిన్నాకు మరల మరల చీలి, కుచ్చువలె నుండును. చూపునకు ఇంపైనవే గాని, లోపలి భాగమునకు గాలి, వెలుతురు తగులక లోలోపలి ఆకు మాడును. ఎండినది పొడియై రాలును. అప్పుడప్పుడు అట్టి మొక్కయందు మామూలు బోస్టన్ మట్టలు పుట్టును. వానిని మొదలంట తీయనియెడల అవియే బుట్టనాక్రమించును. మొదటిసారి పెంచువారు వీని జోలికి పోకుండుట మేలు.

పక్షిగూటి ఫెర్ను: అరటి తీరు మొక్క. చీలిక లేని వెడల్పాటి ఆకులు గూడువలె చుట్టును లేచును. తడి యడవులలో చెట్టుకొమ్మలమీద పెరుగునది. కావున బుట్ట దానికి సహజమైన స్థానమే. ఆకు మందము; తుడిచిన నిగనిగలాడును. చెత్త యనునది దాదాపు ఉండదు. ఒక్క బుట్టకు ఒక్కటే మొక్క పట్టును, పిలకలు వేయదు, పెరుగుట మెల్లన. అందుచే మొక్క వెల యెక్కువ పడును. కాని కొనువాడు తిరిగి వచ్చి నిందించుట అరుదు. నేరుటెండ తగిలిన ఆకు మాడును.

ఫ్లెబోడియమ్: టేకు తీరు మొక్క. ఆకు నీలము కలసిన బూడిద పచ్చ. బంగారు నూగుతో ప్రాకుడు కాండము మన్నుమీద తిరుగును. దానిని మన్నులో పూడ్చిన కుళ్లును. పొడిగాలికి బోస్టన్ కంటె మిక్కిలి తాళును. నగరపు పెద్ద నర్సరీలలో దొరకును.

జింకకొమ్ము ఫెర్ను: దీనికి రెండు విధములైన ఆకులు గలవు. ఒకటి వేళ్లను కప్పి డాలువలె అంటుకొని, పండి గోధుమ వన్నె యగును. దానిని ఎండినదని భ్రమించి తీసివేయరాదు. రెండవది కొమ్మువలె చీలి వ్రేలాడును. ఆకుమీద తెల్లని నూగుండును. దుమ్మని తుడువరాదు, అదియే దానిని ఎండనుండి కాపాడును. చెత్త చాల తక్కువ. చెక్కకు కట్టియో, బుట్ట ప్రక్కన నాటియో పెంచవచ్చును.

హంసపాది జాతి: నల్లని సన్నకాడలు, లేత విసనకఱ్ఱవంటి ఆకులు. ఇంత సుకుమారమైన మొక్క మఱొకటి లేదు. ఒక్క మధ్యాహ్నము మన్ను ఎండిన ఆకంతయు ముడుచుకొని, ముట్టిన పొడి యగును. తడి నిలుచు స్నానపుగది కిటికీకి తగునుగాని వరండా బుట్టకు తగదు.

ఫెర్ను కాని ఫెర్ను

ఆకు రాలుచున్నదని కొనువారు చేయు ఫిర్యాదులలో కొన్ని నిజముగా ఫెర్నును గుఱించినవి కావు. సన్నని సూదులవంటి ఆకులతో బుట్టనుండి వ్రేలాడు "ఆస్పరాగస్ ఫెర్ను" అను మొక్క పేరునకు మాత్రమే ఫెర్ను. అది మన పిల్లిపీచర కుటుంబమునకు చేరినది. తెల్లని పూలు పూయును, ఎఱ్ఱని పండ్లు కాయును. వేళ్లకు దుంపలుండుటచే చావదు గాని, నీరు తప్పినను, చీకటిలో నుంచినను సూదులన్నియు పసుపు వన్నెకు తిరిగి రాలును. ఆ సూదులు చాపలలోను, పరుపులలోను చిక్కుకొని తీయరాక విసిగించును. తీగెకు ముండ్లును గలవు. ఆ పండ్లు కుక్కలకు, పిల్లులకు మంచివి కావు. దీనిని ఎండ బాగుగా తగులు మేడమీదికి అమ్మవచ్చును గాని, "ఫెర్ను" అని చెప్పి ఇంటిలోని వరండాకు అమ్మరాదు. పేరు సరిగా చెప్పి అమ్మిన రైతు మాటకు మఱునాడు విలువ యుండును.

తల్లిమొక్కను పరీక్షించు విధము

రకము పేరు ఒక్కటే చాలదు. నర్సరీలలో పేర్లు తాఱుమాఱగుట గలదు. ఒకే రకములోను మొక్కకు మొక్కకు భేద ముండును. కావున పేరును నమ్ముట కంటె మొక్కను నమ్ముట మేలు. అందునకు ఖర్చు లేని పరీక్ష యొకటి గలదు.

మొక్కలు కొనునప్పుడు ఒక్కొక్క రకమునుండి రెండేసి తెచ్చి, ఒకే కొలత గల బుట్టలలో, ఒకే మన్నులో నాటవలెను. అవి మూడు నెలలు నిలదొక్కుకొనిన తర్వాత, ముదురు మట్టలను ముందే కత్తిరించి, ఎండ నేరుగా తగులని యొక వరండాలో ఒకే వరుసను వ్రేలాడదీయవలెను. ప్రతి బుట్ట క్రిందను తెల్లని గుడ్డ పఱువవలెను. అన్నిటికిని ఒకే కొలత నీరు పోయవలెను. పదునైదు దినములు ప్రతి యుదయమును గుడ్డమీద పడిన చిన్నాకులను లెక్కించి పుస్తకమున వ్రాయవలెను. ఈ పరీక్షను వానకాలమున చేసిన ప్రయోజనము లేదు. ఆ కాలమున అన్నియు మంచివే. మార్చి, ఏప్రిలు నెలలలో చేయవలెను. మరల రోహిణి కార్తెలో మఱొకసారి చేయవలెను.

రోహిణి కార్తె దాటి, తక్కువ రాల్చి, మృగశిర వానకు త్వరగా క్రొత్త మట్ట వేసిన మొక్కయే తల్లిమొక్క. దానికి గుర్తు కట్టి, దానినుండియే పిలకలు తీయవలెను. బోస్టన్ జాతి ఫెర్నులు తీగెలనుండి పిలకలు వేయును. వానిని వేరుతో తీసి నాటిన తల్లి గుణమే వచ్చును. జొన్నకంకులలో మంచిదానిని విత్తనమునకు దాచుట మన పెద్దలెఱిగిన విద్యయే. ఇచ్చట కంకికి బదులు పిలక, అంతియే భేదము.

బుట్ట, మన్ను, నీరు

మంచి రకము నెన్నుకొనినను పెంపకము చెడిన రాలక మానదు. కావున ముఖ్యమైన సంగతులు కొన్ని చెప్పుదుము.

బుట్ట 10 అంగుళములకు తక్కువ కాకుండుట మేలు. చిన్నబుట్ట వేసవిలో పూటపూటకు ఎండును. తీగెబుట్టకు లోపల కొబ్బరిపీచు చాపను పఱచవలెను. నల్లరేగడి మన్ను పనికిరాదు. తడిసిన బరువు, ఎండిన రాయి. కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, బాగుగా చివికిన ఆకు ఎఱువు రెండు పాళ్లు, ముతక యిసుక ఒక పాలు, బొగ్గుముక్కలు పిడికెడు కలిపిన చాలును. కొబ్బరిపొట్టును రెండు మూడు సార్లు నీటిలో నానవేసి పిండనియెడల అందలి ఉప్పు మట్టల కొనలను మాడ్చును. నీరు త్రాగిన బుట్ట నాలుగైదు కిలోలు తూగును. కొక్కెము గట్టిదిగా నుండవలెను.

నీరు పోయుటలో దినముల లెక్క కంటె బరువు లెక్క మంచిది. బుట్టను చేతితో ఎత్తి చూచి, తేలికగా నున్న పోయవలెను. ఒకసారి బాగుగా ఎండిన కొబ్బరిపొట్టు పైనుండి పోసిన నీటిని త్రాగదు. నీరు అంచులవెంట కాఱిపోవును. ఇంటివారు నీరు పోసితిమనుకొందురు, వేరు మాత్రము ఎండియుండును. ఆకు రాలుటకు ఇది మిక్కిలి సాధారణమైన కారణము. అట్టి బుట్టను తొట్టి నీటిలో పావుగంట ముంచి, నీరు కాఱువఱకు ఆగి, మరల తగిలించవలెను. వేసవిలో వారమునకు ఒకసారి యిట్లు ముంచుట అన్నిటికిని మంచిది.

బోరునీటిలో సున్నపుపాలు ఎక్కువగా నున్న చోట బుట్ట అంచున తెల్లని పొర కట్టును, మట్టల కొనలు మాడును. వాననీటిని పీపాలలో పట్టి దాచిన, వేసవికి కొంతయైనను అక్కఱకు వచ్చును. ఎఱువు తక్కువగా వేయుటయే మేలు: నీటిలో కరగు ఎఱువును లీటరుకు అరగ్రాము చొప్పున, పెరుగు కాలమున మాత్రము, పదునైదు దినములకొకసారి. పొలుసు పురుగు, పిండినల్లి కనబడిన, పలుచని సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడిచి, మంచినీటితో కడుగవలెను. జింకకొమ్ము ఫెర్నునకు మాత్రము గుడ్డ తగిలింపక పురుగును పుల్లతో తీయవలెను. నూనె కలసిన మందులు ఫెర్నుల ఆకును మాడ్చును గనుక వాడరాదు.

అమ్ముటకు ముందు అలవాటు చేయుట

ఇది చేయని రైతు మంచి రకమును పెంచియు చెడ్డపేరు తెచ్చుకొనును. నీడపందిరి క్రింద నేల తడిపి, నీరు జల్లి పెంచిన మొక్కను నేరుగా ఇంటికి పంపరాదు. అమ్ముటకు మూడు వారములు ముందుగా దానిని పందిరి అంచునకు మార్చవలెను. ఆకుమీద నీరు జల్లుట క్రమముగా మానవలెను. ఎఱువు మొదటి దినముననే ఆపవలెను. కాని వేరునకు నీరు తక్కువ చేయరాదు. ముదురు మట్టలు ఈ వారములలో రాలిపోవును. ఆ చెత్త మన పందిరిలోనే పడవలెను, కొనువారి ఇంట పడరాదు.

ఇచ్చునప్పుడు నాలుగు మాటలు చెప్పి పంపవలెను: తూర్పు లేక ఉత్తరపు వరండాలో కట్టుడు, ఫంకా గాలి, కూలరు గాలి, శీతలయంత్రపు గాలి నేరుగా తగులనీయకుడు, వారమునకు ఒకసారి తొట్టిలో ముంచుడు, పండిన మట్టను రాలువఱకు ఉంచక, మొదలంట కత్తిరించుడు. ఈ నాలుగు మాటలను చిన్న కాగితముపై అచ్చువేసి బుట్టకు కట్టిన మఱింత మేలు.

సంఘ సభ్యులు కలిసి చేయదగిన పని

ఒక్కొక్క రైతు అన్ని రకములను తెచ్చి పరీక్షించుట ఖర్చుతో కూడినది. గ్రామమునందలి సభ్యులు నలుగురైదుగురు కూడి, ఒక్కొక్కరు రెండేసి రకములు తీసికొని, పైన చెప్పిన తెల్లగుడ్డ లెక్కను ఒకే పుస్తకమున వ్రాసికొనిన, ఒక్క వేసవిలోనే ఆ యూరి గాలికి తగిన రకము తేలును. ఆ తల్లిమొక్కల పిలకలను సభ్యులు పంచుకొనవచ్చును. కొబ్బరిపొట్టు, తీగెబుట్టలు, నీడవల ఒక్కటిగా కొనిన వెలయు తగ్గును. అప్పు తీసి పందిరి వేయదలచినవారు ఈ పరీక్షకు ముందు వేయరాదు. పరీక్ష తర్వాతనే వేయవలెను. వంద బుట్టలు పెంచి, అందు ఇరువది తిరిగివచ్చిన, తక్కిన యెనుబదింటి లాభము వానితో పోవును. నలువది బుట్టలు పెంచి, నలువదియు నిలిచిన, మఱుసటి యేడు కొనువారే వెదకికొని వత్తురు.

సంగ్రహముగా జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. పొడిగాలి వరండాకు పక్షిగూటి ఫెర్ను, జింకకొమ్ము, ఫ్లెబోడియమ్ మేలు. నిండుగా పెరుగు బుట్ట కోరువారికి డల్లాస్, కింబర్లీ క్వీన్ తగును.

2. బోస్టన్ ఫెర్నును తడి నిలుచు ఇంటికి మాత్రమే అమ్మవలెను. హంసపాది జాతిని వరండా బుట్టకు అమ్మరాదు.

3. ఆస్పరాగస్ మొక్కను ఫెర్నని చెప్పరాదు.

4. తల్లిమొక్కను వానకాలపు అందము జూచి గాక, రోహిణి కార్తెలో నిలిచిన తీరు జూచి యెన్నవలెను.

5. మూడు వారములు అలవాటు చేయక ఏ బుట్టను పంపరాదు.

మన ప్రాంతమున భూమి తగ్గినది, నీరు తగ్గినది. ఈ రెండును మరల పెరుగునని యెదురుచూచుట తగదు. ఉన్న పది గుంటలలో నమ్మకమైన సరకు పెంచిన రైతునకు నగరము దగ్గఱనుండుట భాగ్యమే యగును. ఈ వేసవిలో తెల్లగుడ్డ పరీక్ష చేయు సభ్యులు తమ లెక్కలను, రకముల పేర్లను, వరండా ఏ దిక్కునకు నున్నదో ఆ వివరమును వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపిన, మఱుసటి సంచికలలో ప్రకటించి యందఱికిని ఉపయోగపడునట్లు చేయవచ్చును.